చెప్పు ఒక్కటే ఎందుకు పోయింది?

గత జూన్‌లో మా చెల్లెలి కొడుకు ఇంటర్మీడియట్ చదువు కోసం పలమనేరు నుంచి తిరుపతికి వచ్చి మా ఇంట్లో దిగాడు. ఒక పెట్టె, ఒక పరుపు, క్రికెట్ బ్యాటు, వాళ్లమ్మ మూత బిగించి పంపిన ఊరగాయ జాడీ తెచ్చుకున్నాడు. కళాశాల పుస్తకాలు తప్ప ఆ సామానులో మరో పుస్తకం లేదు. వాడికి పదహారేళ్లు. తెలివైనవాడు, మాటకారి, లెక్కల్లో దిట్ట. బుద్ధి ఎరిగినప్పటి నుంచి తనంతట తానుగా ఒక్క కథల పుస్తకాన్నైనా చివరిదాకా చదివిన పాపాన పోలేదు. ఈ సంగతి మా చెల్లెలు ముందే చెప్పింది. చెప్పి ఊరుకోక, వాడికి చదివే అలవాటు చేసే బాధ్యతను కూడా ఊరగాయ జాడీతో పాటు నాకు అప్పగించింది.

వాడు వచ్చిన మొదటి ఆదివారం టీవీలో ‘దృశ్యం’ వేశారు. వెంకటేశ్ నటించిన 2014 నాటి తెలుగు సినిమా. ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. అయిపోయాక వాడు కాసేపు గోడకేసి చూస్తూ ఉండిపోయి, “పెద్దమ్మా, ఇట్లాంటివి పుస్తకాల్లో కూడా ఉంటాయా?” అని అడిగాడు.

నేను బ్యాంకులో ముప్ఫై ఏళ్లు కౌంటర్ వెనుక కూర్చున్నదాన్ని. ఎన్నడూ నోరు తెరవని ఖాతాదారు ఒక మాట అడిగినప్పుడు ఆ మాటను ఎంత శ్రద్ధగా వినాలో తెలిసి ఉండవలసినదాన్ని. అయినా వినలేదు. “ఎందుకుండవు!” అంటూ ఆత్రంగా లేచి, నాకు నచ్చినవన్నీ వాడి ముందు పోయడం మొదలుపెట్టాను. వాడు అడిగినదానికీ నేను ఇచ్చినదానికీ ఉన్న తేడా తెలిసి రావడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. చదవని పిల్లలకు ఏ నేర నవల ఇవ్వాలని ఈ మధ్య ముగ్గురు తల్లులు నన్ను అడిగారు. పిల్లవాడి వయసును బట్టి కాదు, పుస్తకానికున్న పేరును బట్టీ కాదు, వాడు ఇప్పటికే ఏ ప్రశ్న అడుగుతున్నాడో దాన్ని బట్టి వెతకాలని వాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాను గాని, అంత పొట్టిగా చెబితే అది ఎవరికీ పనికిరాదు. అందుకే జరిగినదంతా ఇక్కడ రాస్తున్నాను.

చదువూ, చదవడమూ

మన భాషలో ఒక చిక్కు ఉంది. “చదువుకో నాయనా” అంటే పరీక్షకు చదవమని అర్థం. “కాసేపు చదవరా” అన్నా పిల్లలకు వినిపించేది అదే. సరదాకు చదవడానికి మనం వేరే మాటను దాచుకోలేదు. ఉదయం ఏడింటికి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి తిరిగి వచ్చే పిల్లవాడికి అచ్చుకాగితమంటే మెటీరియల్, బిట్లు, వారాంతపు పరీక్ష. ఆ కాగితంలోని ప్రతి వాక్యమూ వాడిని ఏదో ఒకటి అడుగుతుంది, వాడు ఎదురు అడగడానికి మాత్రం అందులో చోటుండదు. మొదటి వారంలోనే, “ఇంటికొచ్చినాక కూడా చదవమంటావా పెద్దమ్మా?” అని వాడు మొహం చిట్లించినప్పుడు నేను దాన్ని బద్ధకం కింద జమకట్టాను. అన్యాయంగా జమకట్టానని ఇప్పుడు అనిపిస్తోంది.

రెండో చిక్కు భాషలది. వాడు ఒకటో తరగతి నుంచి ఇంగ్లిషు మీడియం. మార్కులు బాగా పడతాయని ఇంటర్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకున్నాడు కాబట్టి తెలుగు చదువు పదో తరగతితో ఆగిపోయింది. మన వైపు ఇది ఇంటింటి కథే. దాని ఫలితంగా తెలుగు గడగడా మాట్లాడతాడు, కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లిషు గడగడా చదువుతాడు గాని, అది భౌతికశాస్త్రం ఇంగ్లిషు. నవలలో ఇద్దరు మనుషులు వెటకారంగా మాట్లాడుకుంటే ఎవరు ఎవరిని దెప్పారో వాడికి అంతు పట్టదు. ఒక సాయంత్రం వాడికి చెప్పకుండా గడియారం చూస్తూ కూర్చున్నాను. తెలుగు పేజీ ఒక్కటి చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ లెక్కన రెండు వందల పేజీల నవలకు పదమూడు గంటలు దాటుతాయి. పిల్లలకు ఆసక్తి లేదని వాపోయే మనలో ఎవరమూ ఆ పదమూడు గంటల లెక్క వేయం.

ఆ లెక్క వేసిన తర్వాతే నేర కథ మీద నాకు నమ్మకం కలిగింది. మిగతా కథల్లో నిదానంగా చదివేవాడు వెనకబడిపోతాడు, అపరాధ పరిశోధన కథలో మాత్రం అతడిదే పైచేయి. రచయిత మామూలు సంగతిలా మధ్యలో ఎక్కడో పడేసిన ఆధారం వేగంగా చదివేవాడి కళ్లకు ఆనకుండా పోతుంది, అక్షరం వెంట అక్షరం తడుముకుంటూ పోయేవాడి వేలికి తగులుతుంది. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల మతాచార్యుడు, తానూ ఇటువంటి నవలలు రాసినవాడే, ఈ రచనకు పది నియమాలు పెట్టాడు. నేరస్థుడు కథ మొదట్లోనే ఎక్కడో కనిపించి ఉండాలి. దయ్యాలతో, మహిమలతో చిక్కుముడి విప్పకూడదు. పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని పాఠకుడికీ చూపాలి. నోబాల్ ఇవ్వలేదని అరగంట వాదించే పిల్లవాడికి ఈ సంగతి చెబితే, “అయితే ఇది ఆటే కదా!” అన్నాడు. నిజానికి మనకూ ఇది కొత్తది కాదు. బేతాళుడు కథ చెప్పి, తెలిసీ జవాబు చెప్పకపోతే నీ తల పగిలిపోతుందని విక్రమార్కుడిని బెదిరించడమూ, మర్యాద రామన్న ఎవరికీ తోచని ఉపాయంతో దొంగను పట్టుకోవడమూ వింటూ పెరిగిన వాళ్లమే మనం.

అద్దె పుస్తకాల అంగడి

నా మొదటి పొరపాటు నా చిన్ననాటి ఇష్టాన్ని వాడి నెత్తిన రుద్దబోవడం. నేను కళాశాలలో చదివే రోజుల్లో లీలామహల్ వైపు ఒక అద్దె పుస్తకాల అంగడి ఉండేది. రోజుకు పావలా. అంగడాయన కొమ్మూరి సాంబశివరావు నవలలకు గోధుమరంగు అట్టలు వేసి, వీపు మీద సిరాతో నెంబర్లు రాసి పెట్టేవాడు. డిటెక్టివ్ యుగంధర్, అతడి అసిస్టెంట్ రాజు, మద్రాసు రోడ్లు. మా చిత్తూరు జిల్లా వాళ్లకు పట్నమంటే మద్రాసే కాబట్టి ఆ కథలు మాకు పక్క వీధిలో జరిగినట్టే ఉండేవి. పావలా మిగలాలంటే తెల్లారేలోగా పుస్తకం అయిపోవాలి. నాకు వేగంగా చదవడం నేర్పింది బడి కాదు, ఆ పావలా.

మా అమ్మ ట్రంకుపెట్టెలో ఆ కాలపు పాకెట్ నవలలు పది పన్నెండు, అట్టలు ఊడినవి, దొరికాయి. వాటిలో ఒక యుగంధర్ నవల వాడికి ఇచ్చాను. పధ్నాలుగు పేజీలు చదివి, “ట్రంక్ కాల్ అంటే ఏంది పెద్దమ్మా?” అని అడిగాడు. చెప్పాను. మరుసటి రోజు టెలిగ్రాం గురించి అడిగాడు. అదీ చెప్పాను. మూడో రోజు ఏమీ అడగలేదు, పుస్తకం మంచం కిందికి చేరింది. పిల్లవాడు ప్రశ్నలు అడుగుతున్నాడు కదా అని నేను సంబరపడ్డాను గాని, తరువాత ఏమవుతుందోనని ముందుకు లాగే ప్రశ్న వేరు, ఉన్నచోటనే కాలు పట్టుకుని ఆపే ప్రశ్న వేరు.

ఆ పెట్టెలోని మిగతావి ఇచ్చే ముందు నేనే ఒకసారి తిరగేశాను. మంచి పనే చేశాను. పేరు చెప్పను గాని, పద్దెనిమిదేళ్ల వయసులో నన్ను తెల్లవార్లూ మేలుకొలిపిన ఒక నవలలో, గదిలోకి వచ్చే ప్రతి ఆడమనిషినీ రచయిత ముందు నఖశిఖపర్యంతం కొలిచి ఆ తరువాతే నోరు తెరవనిస్తున్నాడు. నల్లగా ఉన్నవాడు కనిపిస్తే చాలు, వాడే దొంగ. ఇవి నాకు అప్పుడు కనిపించనే లేదు. కనిపించకపోవడం తలచుకుంటే ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంది. మనం చదివినవే పిల్లలకు ఇవ్వాలనుకునే వాళ్లు ఇచ్చే ముందు మళ్లీ చదవాలి. జ్ఞాపకంలో ఉన్న పుస్తకమూ చేతిలో ఉన్న పుస్తకమూ ఒకటే అయ్యి ఉండవు.

పాము పాలు తాగుతుందా

దసరా సెలవుల్లో పద్ధతి మార్చాను. పుస్తకం చేతికి ఇవ్వకుండా, భోజనాలయ్యాక మూడు రాత్రులు నేనే ఇంగ్లిషులో చదువుతూ అడ్డం వచ్చిన చోట తెలుగులో చెబుతూ, కోనన్ డాయిల్ 1892లో రాసిన ‘ద స్పెకిల్డ్ బ్యాండ్’ కథ వినిపించాను. నూట ముప్ఫై ఏళ్లు దాటిన కథ కాబట్టి గుట్టు విప్పుతున్నాను, ఇంకా చదవని వారు ఈ పేరా దాటిపోవచ్చు. ఇండియాలో ఉండి వెళ్లిన ఒక వైద్యుడు సవతి కూతురి గదిలోకి గాలిరంధ్రం గుండా, గంట తాడు మీదుగా పామును పంపిస్తాడు. ఈల వేసి దాన్ని వెనక్కి పిలిపించుకుంటాడు. పళ్లెంలో పాలు పోసి దాన్ని అలా అలవాటు చేసి ఉంటాడు.

షెర్లాక్ హోమ్స్ రహస్యం విప్పగానే మావాడు నోరు వెళ్లబెడతాడని నేను ఎదురుచూస్తుంటే, వాడు మంచం మీద నుంచి దిగ్గున లేచి, “పాము పాలు తాగదు పెద్దమ్మా! దానికి బయట చెవులే ఉండవు, ఈల ఎట్లా వినపడుతుంది?” అన్నాడు. పక్కనే తమలపాకులకు సున్నం రాసుకుంటున్న మా అమ్మకు కోపం వచ్చింది. “పాము పాలు తాగకపోతే నాగుల చవితికి పుట్టలో పాలు పోసేది ఎవురికంట?” అంది. ఇక చూడాలి. అవ్వ పుట్ట వైపు, మనవడు జీవశాస్త్రం వైపు, ఇద్దరి మధ్యా లండన్ నుంచి వచ్చిన పెద్దమనిషి. పొలం గట్ల మీద పాములను చూస్తూ పెరిగిన పిల్లవాడు వాడు. అలిపిరి మెట్ల దారిలో పాము కనిపించిందన్న వార్త ఇక్కడ ఎవరికీ వింత కాదు. ఇండియాలోకెల్లా భయంకరమైన పాము అని రచయిత చెప్పిన ఆ జాతి పేరు కోసం వాడు ఆ రాత్రే ఫోనులో వెతికి, అటువంటి పాము అసలు లేనే లేదని తేల్చేశాడు. “ఇంత పేరున్నాయన ఇట్లా తప్పులు రాసినాడా?” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది నిరాశ కాదు, మహా సంతోషం.

మరునాడు ఆ పుస్తకం వాడి దిండు పక్కన కనిపించింది. హోమ్స్ మీద కోనన్ డాయిల్ రాసినవి 56 కథలు, 4 నవలలు. అందులో మరో రెండు కథలు వాడు ఎవరూ చెప్పకుండానే చదివాడు. ఇంకా ఏ తప్పులున్నాయో పట్టుకోవడానికట! అన్ని ఏళ్లుగా నేను ఏ పిల్లవాడికి ఏ పుస్తకం ఇచ్చినా “చాలా గొప్ప పుస్తకం” అనే మాటతోనే ఇచ్చాను. గొప్పది అని ముద్ర వేసి ఇచ్చినదాన్ని పిల్లవాడు దేవుడి పటంలా గోడకు తగిలిస్తాడు గాని దానితో వాదానికి దిగడు. వాదించడానికి వీలున్న పుస్తకం కావాలి వాడికి. హోమ్స్‌ను వాడి స్థాయికి దింపింది నేను కాదు, ఆ పాము.

“నేరాలు నేర్పిస్తావా?”

తెలుగు ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన నా స్నేహితురాలికి ఇదంతా నచ్చలేదు. ఆమె అభ్యంతరాలు రెండు. మొదటిది: లేత మనసుకు హత్యలు, మోసాలు ఎందుకు? రెండోది, దీనికంటే బరువైనది: “దామలచెరువులో కూర్చుని అంత గొప్ప కథలు రాసిన మధురాంతకం రాజారాం గారు ఉండగా, నామిని ఉండగా, మన మట్టి వాసన తెలియని పిల్లవాడికి లండన్ పొగమంచు చూపిస్తావా?”

మొదటిదానికి నా దగ్గర సగం జవాబే ఉంది. వాడి ఫోనులోకి, రాత్రి తొమ్మిది తరువాత వార్తా చానెళ్లలోకి వచ్చే నేరాలతో పోలిస్తే పాతకాలపు పరిశోధన నవల సాధువు. అందులో హత్య ఒక పేజీలో అయిపోతుంది, మిగతా రెండు వందల పేజీలూ ‘నీకెలా తెలుసు?’ అనే ప్రశ్న మీదే నడుస్తాయి. కానీ ఈ మాట అన్ని నేర నవలలకూ వర్తించదు. యువతకు బాగా నచ్చుతుందని అంగట్లో చెబితే నేను కొన్న ఒక కొత్త ఇంగ్లిషు నవలలో ముప్ఫై పేజీలలోపే శవాన్ని రచయిత వర్ణించిన తీరు చూసి, దాన్ని బీరువా మీద పెట్టేశాను. వాడు నాకంటే జానెడు ఎత్తు. తీసి చదివాడేమో నేను అడగలేదు.

రెండో అభ్యంతరం ముందు నేను చాలాసేపు మౌనంగా ఉన్నాను. ఆమె మాట విని నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లోంచి రెండు కథలు చదివి వినిపించాను. తిరుపతి దగ్గరి మిట్టూరు మాట, మా అవ్వల మాట, అచ్చంగా అందులో ఉంది. వాడు పడీపడీ నవ్వాడు. “ఇట్లా కూడా పుస్తకంలో రాయొచ్చా?” అని ఆశ్చర్యపోయాడు. తన యాస అచ్చులో చూడడం వాడికి అదే మొదటిసారి. కానీ నేను చదివితే వింటాడు, పుస్తకం పెట్టి వెళితే తెరవడు. చెవికి అంత దగ్గరైన తెలుగు, కంటికి వచ్చేసరికి నాలుగు నిమిషాల పేజీ అయిపోతోంది. తప్పు నామినిది కాదు. ఆ నాలుగు నిమిషాలను దాటించగల ఒక లాగుడు కావాలి, అది ముందు నేర కథలో దొరికితే ఆ తరువాత రాజారాం గారి దగ్గరికి రావచ్చు అన్నాను. వస్తాడన్న పూచీ నాకు లేదు. ఆమె కూడా ఒప్పుకోలేదు. మేమిద్దరం ఇప్పటికీ అక్కడే ఉన్నాం.

ఒక్క బూటు

సంక్రాంతి తరువాత హోమ్స్ నవలకు వచ్చాం. ‘ద హౌండ్ ఆఫ్ ద బాస్కర్‌విల్స్’, 1901, 1902 సంవత్సరాల్లో పత్రికలో ధారావాహికగా వచ్చినది. ముందు, తేలికగా ఉంటుందని ఒక సంక్షిప్త ప్రతి కొన్నాను. రెండు రోజుల్లో ముగించి, “ఊ, బాగుంది” అన్నాడు. ఆ ‘ఊ’ నాకు నచ్చక నేనూ చదివి చూశాను. కథ ఉంది, కుక్క ఉంది, బురదనేల ఉంది. కానీ లండన్ హోటల్లో బాస్కర్‌విల్ వంశపు వారసుడు సర్ హెన్రీ బూటు పోయే సంగతి ఒక్క వాక్యంలో తేలిపోయింది. సంక్షిప్తం చేసేవారు ముందుగా కోసేసేది ‘అనవసరమైన’ వివరాలను. నేర నవలలో ఆధారం దాక్కునేది సరిగ్గా ఆ అనవసరంలోనే. కూరలో నుంచి ఉప్పు తీసి వడ్డించినట్టు ఉంది ఆ పుస్తకం. నిదానంగా చదివే పిల్లవాడికి పొట్టి పుస్తకం ఇవ్వాలి, నిజమే. అందుకు మొదటి నుంచీ పొట్టిగా పుట్టిన కథను ఇవ్వాలి గాని, కత్తిరించినదాన్ని కాదు.

కొన్నాళ్లు ఆగి, అసలు పుస్తకం తెచ్చి, బూటు పోయే అధ్యాయం నుంచి మొదలుపెట్టించాను. హోటల్లో పాలిష్ కోసం గది బయట పెట్టిన కొత్త బూట్ల జతలో ఒకటి మాయమవుతుంది. ఆ సాయంత్రం మేము గోవిందరాజస్వామి గుడికి వెళ్లాం. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే వాడు ఆగిపోయాడు. “పెద్దమ్మా, ఇక్కడ చెప్పులు పోతే రెండూ పోతాయి కదా. ఒక్కటి ఎత్తుకొని పోయేవాడు దాన్నేం చేసుకుంటాడు?” గాంధీ రోడ్డు పొడవునా వాడు ఊహలు అల్లుతూనే ఉన్నాడు. కుంటివాడు తీసి ఉంటాడా, కాలి కొలత కోసమా, ఎవడైనా ఆట పట్టించాడా. ఇంటికి వచ్చి తరువాతి పేజీలు తెరిస్తే, పోయిన కొత్త బూటు తిరిగి వచ్చింది, దానికి బదులు పాత జతలో ఒకటి పోయింది. వాడు పుస్తకం పట్టుకుని లేచి హాల్లో అటూ ఇటూ నడిచాడు. “కొత్తది ఇచ్చేసి పాతది తీసుకుంటాడా! పిచ్చోడా వాడు?”

ఎందుకో నేను వాడికి చెప్పలేదు, ఇక్కడా చెప్పను. ఆ ఆదివారం వాడు నాలుగు అధ్యాయాలు చదివాడు.

అన్నీ అలా సాగలేదు. డెవన్ ప్రాంతపు బీడు వర్ణనలు వచ్చినప్పుడు చతికిలబడ్డాడు, హోమ్స్‌కు అతడి మిత్రుడు వాట్సన్ రాసిన ఉత్తరాలను కొన్నింటిని దాటేశాడు. ఒక రోజు పుస్తకాన్ని కళాశాలకు తీసుకుపోతే సంచి తనిఖీలో దొరికి, వారం పాటు ఆఫీసు బీరువాలో ఉండిపోయింది. నేను వెళ్లి, ఇకమీదట నవలలు పంపనని సంతకం పెట్టి తెచ్చుకున్నాను. ఎదురు చెప్పే ధైర్యం నాకు రాలేదు, వాడు అక్కడ ఇంకా ఏడాది చదవాలి. ఒకటి మాత్రం చెప్పాలి. ఆ వారం వాడు ఆ నవల కోసం కొట్టుకుపోయినట్టు ముందెన్నడూ కొట్టుకుపోలేదు. రచయిత 1930లోనే పోయాడు కాబట్టి ఆ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. రెండు అధ్యాయాలు ఫోనులోనే చదివేశాడు. ఫోనును తిట్టుకునే నేను ఆ వారం తిట్టలేదు. మొత్తం మీద ఐదు వారాలు పట్టింది. వాడు చదివిన మొదటి నవల అది.

ముగింపు తెలిసిపోయాక

విజయగర్వంతో ఉన్నవారు చేసే పొరపాటే నేను తరువాత చేశాను. అన్నింటికన్నా గట్టిదనుకున్న దాన్ని, అగాథా క్రిస్టీ 1939లో ప్రచురించిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ను తెచ్చి ఇచ్చాను. ఒక దీవికి పదిమంది చేరతారు, ఒక్కొక్కరే చనిపోతుంటారు. మొదటి అధ్యాయంలోనే ఎనిమిది మంది వరుసగా పరిచయమవుతారు. ఒకే మనిషిని ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట హోదాతో, మరోచోట సొంత పేరుతో పిలుస్తుంటే మావాడు గందరగోళపడ్డాడు. తిరుపతి ఇళ్లలో దేనికి కొరత ఉన్నా దేవస్థానం డైరీలకు ఉండదు. రాయకుండా మిగిలిపోయిన ఒక పాత డైరీ ఇచ్చి, ఒక్కో మనిషికి ఒక్కో పేజీ కేటాయించమన్నాను. ఈ ఉపాయం పనిచేసింది. విదేశీ నవల చదివే ఏ కొత్త పాఠకుడికైనా దీన్ని చెబుతాను.

ఆరు అధ్యాయాలు అయ్యాక ఒక రాత్రి ఫోనులో ముగింపు చూసేశాడు. “తెలిసిపోయింది పెద్దమ్మా, ఇంకెందుకు?” అని పుస్తకం మూసేశాడు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ‘ఎలా జరిగిందో చదవవా?’ అని అడిగితే, “ఎవురో తెలిసినాక ఎట్లా అనేది ఎవురికి కావాల?” అన్నాడు.

మధ్యలో సత్యజిత్ రాయ్ రాసిన, ఫెలూదా అనే డిటెక్టివ్ కథల ఇంగ్లిషు అనువాదం కూడా ఇచ్చి చూశాను. 1965లో ‘సందేశ్’ పిల్లల పత్రికలో మొదలైనవి అవి, కథ చెప్పేది ఫెలూదా తమ్ముడి వరస అయిన కుర్రవాడు, పేర్లన్నీ మన దేశపువే, నిడివీ తక్కువే. రెండు రోజుల్లో ఒకటి చదివేశాడు, అడ్డం వచ్చిన మాట ఒక్కటీ లేదు. ఒక్క ప్రశ్నా అడగలేదు కూడా. మా చెల్లెలు మాత్రం, “అక్కా, ప్రశ్నలు అడిగితే ఏమి, అడగకపోతే ఏమి? గొడవ లేకుండా రెండు రోజుల్లో చదివినాడంటే అదే కదా మనకు కావలసింది?” అంది. ఆమె మాటలో నిజం లేకపోలేదు. పదమూడేళ్ల పిల్లలకైతే నేను మొదట చెప్పేది ఫెలూదా పేరే. పదహారేళ్ల మావాడికి అది సరదాగా గడిచిన సాయంత్రం, అంతే.

క్రిస్టీ నవల బల్ల మీద మూతబడి ఉన్న ఆ వారమే, బట్టలు మడత పెడుతుండగా, మొదటి ఆదివారం వాడు అడిగిన మాట గుర్తుకు వచ్చింది. ‘దృశ్యం’లో ఎవరు చేశారో మనకు మొదటి నుంచీ తెలుసు. అక్కడ మనల్ని కూర్చోబెట్టేది, ఆ కుటుంబం ఎలా తప్పించుకుంటుంది అన్న ఆరాటం. వాడు ‘ఇట్లాంటివి’ అన్నది దాన్ని. నేను తొమ్మిది నెలలుగా ఇస్తున్నవన్నీ ‘ఎవరు’ అని అడిగే పుస్తకాలు. పాము కథలో వాడు పట్టుకున్నదీ ఎవరు అన్నది కాదు, అలా జరగడం సాధ్యమా అన్నది. బూటు దగ్గరా అంతే, ఎందుకు అన్నదే. ‘ఎవరు’ అన్నదాన్ని వాడు ఫోనులో అర నిమిషంలో తెలుసుకోగలడు కాబట్టి, వాడి తరానికి ఆ ప్రశ్న విలువ కొంత పడిపోయిందేమో కూడా. ఇది నా అనుమానం మాత్రమే.

కెయిగో హిగాషినో రాసిన ‘ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ జపాన్‌లో 2005లో వచ్చింది, ఇంగ్లిషులోకి 2011లో. హత్య మొదట్లోనే, మన కళ్ల ముందే జరుగుతుంది. చేసిన తల్లీకూతుళ్లు ఎవరో తెలుసు, చనిపోయిన దుర్మార్గపు మాజీ భర్త ఎవరో తెలుసు. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు వాళ్లను కాపాడడానికి పూనుకుంటాడు. అతడి పాత స్నేహితుడైన భౌతికశాస్త్రవేత్త అతడి ఎత్తులను విప్పడానికి ప్రయత్నిస్తాడు. ఇవ్వడానికి ముందు రెండు రోజులు తటపటాయించాను. ఇంట్లో ఆడవాళ్ల మీద చేయి చేసుకునే మగవాడు, ఆ హత్య జరిగే పేజీ, ఇవి పసివాడికి ఇచ్చేవి కావు. కానీ రచయిత ఆ హింసను చప్పరిస్తూ చెప్పడు, దాని బరువును ఆ ఇద్దరు ఆడవాళ్ల మీద చివరిదాకా ఉంచుతాడు. “ఎవరు చేసినారో ఇందులో ముందే చెప్పేస్తారు, ఫోనులో చూసినా నీకు లాభం లేదు” అని మాత్రం చెప్పి ఇచ్చాను. ఇది పూర్తి నిజం కాదని ఆ పుస్తకం చదివినవారికి తెలుసు.

జపాను పేర్లకు మళ్లీ దేవస్థానం డైరీ బయటికి వచ్చింది. లెక్కల మాస్టారు ఇషిగామి వాడికి వెంటనే నచ్చాడు. పరీక్షలో పిల్లలు ఎక్కడ బోల్తా పడతారో తెలిసిన మాస్టారు వాడి కళాశాలలోనూ ఒకాయన ఉన్నాడట. రోజుకు ఏడెనిమిది పేజీలు, కొన్ని రోజులు అసలు లేదు. పరీక్షల నెలలో పూర్తిగా ఆగిపోయింది. తొమ్మిది పది నెలలకు కలిపి ఒక నవల, ఒక ఫెలూదా, మూడు కథలు, ఒక సగం క్రిస్టీ, మరో ముప్పాతిక నవల. మా చెల్లెలు ఆశించినది ఇది కాదు. వాడు పాఠకుడయ్యాడా అని అడిగితే ఔనని చెప్పలేను.

పరీక్షలు అయిపోయి మొన్న పలమనేరు వెళ్లాడు. బస్టాండులో సంచి తెరిచి చూపించి, “అరవై పేజీలు ఉండాయి పెద్దమ్మా, నువ్వేమీ చెప్పొద్దు” అని ఎక్కాడు. ఇంటికి తిరిగి వచ్చి చూస్తే డైరీని బల్ల మీద మరిచిపోయాడు. ఇషిగామి పేజీలో వయసు, ఉద్యోగం, ఏ గదిలో ఉంటాడో, ఏ తేదీన ఎక్కడ ఉన్నాడో, వాడి వంకర ఇంగ్లిషు అక్షరాలతో రాసి ఉంది. అన్నిటికన్నా కింద ఒక వాక్యం మాత్రం తెలుగులో ఉంది, పదో తరగతి తరువాత వాడు తెలుగులో ఏదైనా రాయడం నేను చూసింది ఇదే: ‘ఇదంతా చేస్తే సార్‌కు ఏమొస్తుంది?’

దానికి జవాబు ఆ అరవై పేజీల్లోనే ఉంది. రాత్రి మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడు వాడు ఏం చేస్తున్నాడని అడగబోయి, ఊరగాయ గురించి అడిగాను.